ఖజానా క్రింది పాత గుడ్డలు

(స్త్రీల కూడికలకును గృహ ప్రార్థనలకును పాఠము)

చదువవలసిన భాగములు: యిర్మీయా 38:1–13, అపొస్తలుల కార్యములు 9:36–42, మార్కు 2:21.

ఈ నెల పాఠమునకు మనము తీసికొనిన సంగతి మిక్కిలి చిన్నది. అది ట్రంకుపెట్టె అడుగున పడియుండు పాత బట్టల మూట. బాన్సువాడవంటి పట్టణములో ఇట్టి మూట లేని ఇల్లు అరుదు. పెండ్లినాటి చీర, బిడ్డలు ఎదిగిపోగా పొట్టివైన లాగులు, గల్ఫు దేశమునకు పోయివచ్చినవారు తెచ్చిన, ఇంటిలో ఎవరికిని సరిపోని కోటు, గతించిన పెద్దవారి ధోవతులు, ఇవన్నియు అందులో నుండును. ఇల్లాలు ఏడాదికొకసారి మూట విప్పి, ఒక్కొక్కటి చేతపట్టి చూచి, నిట్టూర్చి, మరల ముడివేసి పెట్టును. పాత బట్టలకు స్టీలు సామాను ఇత్తుమను కేక వీధిలో వినబడినప్పుడు అందులో కొన్ని పోయి, వాటికి మారుగా ఒక గిన్నె ఇంటికి వచ్చును. బేరము ఎవరికి లాభమో గిన్నె అమ్మినవారికే బాగుగా తెలియును.

పరిశుద్ధ గ్రంథములో ఇట్టి మూట యొకటి గలదు. దానిని మనము తరచుగా చదువము.

యూదా రాజ్యపు చివరి దినములవి. కల్దీయులు యెరూషలేమును ముట్టడించిరి; పట్టణములో ఆహారము తరిగిపోవుచుండెను. యిర్మీయా పలుకులు అధిపతులకు గిట్టలేదు. వారు అతనిని పట్టుకొని, కాపలా ఆవరణములోనున్న మల్కీయా గోతిలోనికి త్రాళ్లతో దింపిరి. అందులో నీరు లేదు, బురద మాత్రమే యుండెను. ప్రవక్త అందులో కూరుకొనిపోయెను. రాజు ఇంటిలో సేవచేయు కూషీయుడగు ఎబెద్మెలెకు ఈ సంగతి విని, రాజు నొద్దకు పోయి, ఆ మనుష్యుడు ఆకలిచేత చచ్చునని మొరపెట్టి, ముప్పది మందిని వెంట తీసికొనిపోవుటకు సెలవు పొందెను.

ఇంతవరకు కథ మనకు తెలిసినదే. అటుపిమ్మట అతడు చేసిన పనిని గమనించుడి. ముప్పది మంది సిద్ధముగా నున్నారు, త్రాళ్లు దొరకును, ఆలస్యమైనచో మనిషి చచ్చును. అయినను అతడు నేరుగా గోతి యొద్దకు పోలేదు. మొదట రాజనగరులో ఖజానా క్రింది గదికి పోయెను. పైన బంగారముండు చోటు. క్రింద చిరిగిన బట్టలు, నలిగిన గుడ్డపేలికలు. రాజు ఇంటిలోను పాత గుడ్డలను పారవేయక దాచుచుండిరని ఇందువలన తెలియుచున్నది! అవి ఎక్కడ నుండునో ఎబెద్మెలెకు ఎరుగును. అధిపతులలో ఒక్కనికైనను ఆ గది జాడ తెలిసియుండునని నేననుకొనను. ఆ సంగతి పనివానికే తెలియును.

వాటిని అతడు గోతిలోనికి విసరివేయలేదు. విసరినచో బురదలో పడి తడిసి పనికిమాలినవై పోయియుండును. త్రాళ్లకు కట్టి దింపెను. దింపి, వాటిని చంకల క్రింద త్రాళ్లకును శరీరమునకును నడుమ పెట్టుకొనుమని యిర్మీయాతో చెప్పెను. ఆకలిచేత చిక్కి, ఎముకలు తేలిన మనుష్యుని బురదలోనుండి పైకి లాగునప్పుడు అతని భారమంతయు చంకలమీదనే పడును. వట్టి త్రాడైనచో చర్మము చీలిపోవును. ఈ సంగతిని అతడు ముందుగా ఆలోచించెను. యిర్మీయాను దింపినవారును త్రాళ్లనే వాడిరి, తీసినవాడును త్రాళ్లనే వాడెను. భేదమంతయు ఆ గుడ్డపేలికలలో నున్నది. తరువాత పట్టణము కూలినప్పుడు ఎబెద్మెలెకు ప్రాణము దక్కునని దేవుడు ఆ ప్రవక్త ద్వారానే వాగ్దానము పంపెను (39:15–18).

ఇప్పుడు మన మూటలకు వత్తము. వరదలు వచ్చినప్పుడును, క్రిస్మసు దినములలోను మనము పాత బట్టలు పోగుచేయుదుము. ఆ కుప్పలో చేయిపెట్టి చూచినవారికి తెలియును: గుండీలు లేని అంగీలు, చంక చిరిగిన రవికలు, ఉతుకకయే మడిచిన పంచలు, జిప్పు ఊడిన లాగులు. ఇచ్చినవారు దానము చేసితిమని సంతోషించుదురు. పుచ్చుకొన్న తల్లి ఆ అంగీని బిడ్డకు తొడిగి బడికి పంపలేదు, పారవేయనులేదు. ఇది గోతిలోనికి గుడ్డలు విసరివేయుట గాని దింపుట కాదు. వస్త్రములు లేని సహోదరునితో వెచ్చగా నుండుమని చెప్పి పంపివేయువారిని గూర్చి యాకోబు వ్రాసిన మాట (2:15–16) మనకు తెలియును. చిరిగినది చేతికిచ్చి పంపివేయుట దానికంటె ఎంత మేలో నేను చెప్పజాలను.

గుండీ కుట్టుటకు అయిదు నిమిషములు చాలును. కాజా సడలినచో మరియొక అయిదు నిమిషములు. పిల్లవాని లాగు పొట్టియైనచో అంచు మడత విప్పి దింపవచ్చును. విప్పినచోట పాత గీత కనబడకుండ తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేయవలెను. పెద్దవారి అంగీ మెడపట్టీ అరిగినచో పట్టీని విప్పి, త్రిప్పి, అరిగిన వైపు లోపలికి పోవునట్లు కుట్టినచో మరి రెండేండ్లు నిలుచును. ఈ విద్య మన అవ్వలకు వచ్చును. మనకు సిగ్గు వచ్చినది గాని విద్య రాలేదు.

యొప్పే పట్టణములోని తబితాను చూడుడి. గ్రీకు భాషలో ఆమెకు దొర్కా అని పేరు. రెంటికిని లేడి అని అర్థము. లూకా ఆమెను శిష్యురాలు అనినాడు. మూలభాషలో ఆ స్త్రీలింగ పదము క్రొత్త నిబంధనయంతటిలో ఈ ఒక్క చోటనే యున్నది. ఆమె చేసిన ప్రసంగమేదియు వ్రాయబడలేదు. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురు చుట్టు నిలిచి, ఏడ్చుచు, ఆమె తమతో నున్నప్పుడు కుట్టిన అంగీలను, పైవస్త్రములను చూపిరి. అక్కడ వాడబడిన క్రియారూపమును బట్టి, వారు పెట్టెలోనుండి తీసి చూపలేదనియు, తమ ఒంటిమీదనున్నవాటినే చూపిరనియు కొందరు వ్యాఖ్యాతలు చెప్పుదురు. అది నిజమైనచో, ఆమె ఒక్కొక్కరి కొలతకు కుట్టియుండెనన్నమాట. ఏ విధవరాలు పొడవరియో, ఎవరి భుజము వంగినదో ఆమె ఎరుగును. పంతొమ్మిదవ శతాబ్దములో పాశ్చాత్య సంఘములలో బీదలకు బట్టలు కుట్టి ఇచ్చు స్త్రీల కూటములకు ఈమె పేరే పెట్టిరి.

ఆ కాలమున వస్త్రము ఎంత విలువగలదో మనకు ఊహకందదు. నూలు గాని ఉన్ని గాని చేతితో వడకవలెను, మగ్గముమీద నేయవలెను, ఆ తరువాతనే సూదిపని. బీదవానికి పైవస్త్రమొక్కటే, పగలు అది కప్పుకొనునది, రాత్రి అదియే దుప్పటి. అందుచేతనే కుదువపెట్టిన వస్త్రమును సూర్యాస్తమయమునకు ముందే తిరిగి ఇయ్యవలెనని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించెను (నిర్గమ 22:26–27). 1960లో ఇశ్రాయేలు దేశపు సముద్రతీరమున, యవ్నె సమీపములోని ఒక చిన్న కోట త్రవ్వకములలో, క్రీస్తుకు పూర్వము ఏడవ శతాబ్దమునాటి వ్రాతగల కుండపెంకు దొరికినది. అది కోతపనివాడొకడు అధికారికి వ్రాయించుకొన్న మొర. నేను నా వంతు పని ముగించితిని, అయినను నా వస్త్రమును తీసికొనిపోయిరి, నాతో కోసినవారు సాక్ష్యము చెప్పుదురు, దయచేసి ఇప్పించుమని దాని సారాంశము. రెండువేల ఆరువందల ఏండ్లు మట్టిలో పడియుండి మనకు చేరిన ఆ మొర ఒక పాత బట్టకొరకు!

ఇక మాసిక సంగతి. పాత బట్టకు క్రొత్త గుడ్డ మాసికగా వేసినచో ఏమగునో ప్రభువు చెప్పినది మార్కు 2:21లో నున్నది. ఆ ఉపమానము కుట్టుపని నేర్పుటకు చెప్పబడలేదు, నిజమే. గాని చెప్పినవానికి ఇంటిపని తెలియును. మార్కు వాడిన గ్రీకు మాట అగ్నఫోస్. నీటిలో త్రొక్కి, సంకోచింపజేసి, చలువచేయుట జరుగని గుడ్డ అని దాని అర్థము. ఆ పని చేయువానిని గ్నఫెవుస్ అందురు. రూపాంతర కొండమీద ప్రభువు వస్త్రముల తెల్లదనమును చెప్పుచోట (మార్కు 9:3) మన బైబిలులో చాకలి అనియున్నది ఆ మాటకే. క్రొత్త గుడ్డ మొదటి ఉతుకులో ముడుచుకొనును. పాత గుడ్డ ముడుచుకొనవలసినంత ముందే ముడుచుకొనినది, పోగులు కూడ బలహీనమైనవి. రెంటిని కలిపి కుట్టి ఉతికినచో క్రొత్తది లాగును, పాతది చిరుగును. తప్పు కుట్టుది కాదు.

కాబట్టి మాసిక వేయు సహోదరి చేయవలసినది ఇది. క్రొత్త నూలుగుడ్డనే వాడవలసివచ్చినచో ఒక రాత్రి నీటిలో నానవేసి, నీడన ఆరవేసి, ఇస్త్రీ చేసిన తరువాతనే కత్తెర పెట్టవలెను. అంతకంటె మంచిది, ఆ బట్టలోనుండియే ముక్క తీయుట: అంగీకి లోపలి మడత, రవికకు అస్తరు అంచు, చీరకు కుచ్చిళ్లలో పోవు చెంగు. అదే వయస్సు, అదే రంగు, అన్ని ఉతుకులును కలిసి తిన్నవి. చిరుగు ఉన్నంతవరకే కాక, చుట్టు పలుచబడినంత మేర దాటి ఒక అంగుళము పెద్దదిగా ముక్కను కోయవలెను. బట్ట నిలువు పోగును ముక్క నిలువు పోగును ఒకే దారిన నుండవలెను, లేనిచో ఉతికినకొలది మూలలు వంకరపోవును. అంచులు లోపలికి మడిచి, ముందు కచ్చా కుట్టు వేసి, తొడుగుకొని చూచి, అప్పుడు సన్నని కుట్టు వేయవలెను. కచ్చా కుట్టు విప్పుట మరువకుడి. సన్నని చిరుగునకు మాసిక అక్కరలేదు. అదే బట్ట పోగు లాగి, పోగులో పోగు నేయు రఫూ పని చాలును. దానికి మంచి కన్నులు కావలెను, వెలుతురు కావలెను. రాత్రిపూట చేయరాదని నా మనవి.

మాసికకును పనికిరాని చీరకు బొంత ఉన్నది. మన తెలంగాణమున బొంత యనునది మహారాష్ట్రమున గోధడి, కర్నాటకమున కౌది. బాన్సువాడనుండి ఆ రెండు సరిహద్దులును దూరము కావు గనుక మూడు మాటలును మన చెవిని పడినవే. పాత నూలు చీరలు నాలుగైదు పొరలుగా పరచి, పై పొరకు గట్టి చీరను పెట్టి, అంచునుండి లోనికి వరుసలుగా దూరపు కుట్లు వేయుదురు. మధ్యనుండి ఆరంభించినచో గుడ్డ ఉబ్బునని కొందరును, అంచునుండి ఆరంభించినచో మధ్య ముడత పడునని కొందరును వాదింతురు; నాలుగు మూలలను నడుమను ముందుగా కచ్చా కుట్టుతో బిగించినవారికి ఈ వాదము లేదు. పాలిస్టరు చీర లోపలి పొరగా వేయకుడి, అది చెమటను పీల్చదు, పొరల నడుమ జారును. అప్పుడే పుట్టిన బిడ్డకు పొత్తిగుడ్డగా, తొట్టెలగా పాత నూలు చీరను మించినది బజారులో నేటికిని దొరకదు. వంద ఉతుకులవలన వచ్చిన మెత్తదనమును మిల్లు చేయలేదు.

కుట్టు మిషను మాట చెప్పకున్నచో ఈ పాఠము కుంటుపడును. సూది మొనయందు కన్ను పెట్టి రెండు దారములను ముడివేయు యంత్రమునకు ఇలయాస్ హోవే 1846లో అమెరికాలో హక్కు పొందెను; 1851లో ఐజక్ సింగరు తన యంత్రమునకు హక్కు పొంది, తరువాత వాయిదాలమీద అమ్ముట ఆరంభించగా అది సామాన్యుల ఇండ్లలోనికి వచ్చినది. యంత్రములను అంతగా విమర్శించిన గాంధీగారు కూడ 1924లో ఈ యంత్రమును తన విమర్శనుండి మినహాయించిరి. మన దేశములో ఉషా మిషనులు 1930ల నుండి తయారైనవి. నల్లని రంగు, బంగారు గీతలు, ఇనుప పాదములుగల ఆ పాత మిషనులు ఇప్పుడును పాత సామానుల అంగళ్లలోను, హైదరాబాదు జుమ్మెరాత్ బజారువంటి చోట్లను కనబడును. అవి తూకమునకు పోవుట చూచి నాకు బాధ కలుగును. కొనదలచినవారు పై రంగును చూడకుడి. చక్రము చేతితో త్రిప్పినప్పుడు ఒకే బరువుతో తిరుగవలెను. బట్టను నెట్టు పళ్లు అరిగియుండరాదు. సూది పట్టు కడ్డీ అటునిటు ఊగరాదు. గుండ్రని బాబిను గలదైనచో సూదులును బాబినులును ఎక్కడనైనను దొరకును. పడవవంటి పొడుగు షటిలు గల మరీ పాత రకమునకు సామాను దొరకుట కష్టము. బిగిసిన మిషను చెడినదని తలచవద్దు; పలుమారు పాత నూనె ఎండి జిగురైయుండును. కొద్దిగా కిరసనాయిలు వేసి, త్రిప్పి, తుడిచి, పిదప మిషను నూనె వేసినచో కదలును. సన్నని బట్టకు 11 నంబరు సూది, మామూలు నూలుకు 14, దళసరి బట్టకు 16 లేక 18.

ఇంటిలో కుట్టుకొనువారిని గూర్చి ఇంతవరకు చెప్పితిని. ఇతరులకు కుట్టి జీవించువారిని గూర్చియు ఒక మాట చెప్పవలెను. అది చెప్పుటకు సంకోచము గలదు, ఏలయనగా తప్పు బయటివారిది కాదు.

మన ప్రాంతములో వేలాది స్త్రీలు బీడీలు చుట్టి, వేయింటికింత అని కూలి పుచ్చుకొందురు. ఆ ఆకు తునకలోనుండి, ఆ పొగాకు ధూళిలోనుండి బయటపడవలెనని మిషను నేర్చినవారు మన వీధులలో నున్నారు. 2024లో తెలంగాణ ప్రభుత్వము బడిపిల్లల యూనిఫారములు కుట్టు పనిని మహిళా సంఘములకు అప్పగించెను. అట్టివారికి అది కొంత ఊరట. గాని పండుగ వచ్చినప్పుడు మన ఇండ్లలో జరుగునదేమి? సంఘపు సహోదరియే గదా అని, అక్కా, చెల్లీ అని పిలిచి, ఆఖరి వారమున నాలుగు రవికలు ఇత్తుము. బజారులోని దర్జీకి అడిగినంత ఇచ్చినవారమే ఆమెతో బేరమాడుదుము. కూలి తరువాత చూచుకొందమందుము. ఆ తరువాత ఎప్పుడు వచ్చునో ఆమె అడుగలేదు. అడిగినచో ఆరాధనలో ముఖము చూచుకొనుట కష్టమగును.

పశ్చిమ గోదావరిలోని నరసాపురము సంగతి చూడుడి. అక్కడ పంతొమ్మిదవ శతాబ్దమున మిషనరీ కుటుంబముల స్త్రీలు క్రైస్తవ స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరి. మంచి ఉద్దేశమే. అది పెరిగి పరదేశములకు ఎగుమతియగు వ్యాపారమైనది. మరియా మీస్ అను జర్మను పండితురాలు 1970ల చివర అక్కడ పరిశోధించి 1982లో పుస్తకము ప్రచురించెను. ఆమె చూపినదేమనగా, దినమునకు గంటల తరబడి అల్లిన స్త్రీలను పనివారిగా ఎవరును లెక్కింపలేదు. ఇంటిపట్టుననుండి తీరిక వేళ చేయు పని గదా అని కూలి అత్యల్పముగా నిచ్చిరి. లాభము వర్తకులకు పోయెను. 2024లో ఆ లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. గుర్తింపు సరుకునకు వచ్చినది.

మన మెదకు దేవాలయమును గూర్చి వేరొక జ్ఞాపకము గలదు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ కట్టడమును చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు కరవు దినములలో ప్రజలకు పని కల్పించి, దానికి ప్రతిఫలముగా ఆహారమిచ్చి కట్టించిరి. ఊరక పెట్టినను పెట్టవచ్చును. పనిచేసి పుచ్చుకొనువాడు తల ఎత్తుకొని ఇంటికి పోవునని వారెరిగిరి. కూలివాని కూలి మరునాటివరకు నీయొద్ద ఉంచుకొనరాదని లేవీయకాండము 19:13లో నున్నది. మిషను త్రొక్కు సహోదరిని ఆ వచనమునుండి మినహాయించు మాట అందులో లేదు.

కూడికలో ఆలోచించుటకు: ఎబెద్మెలెకు ఖజానా క్రింది గదికి పోకుండ నేరుగా గోతి యొద్దకు పోయినచో ఏమి జరిగియుండును? దొర్కా కుట్టిన అంగీకిని, మనము కుప్పలో వేసిన అంగీకిని భేదమేమి? మీ ఇంటి రవికలు కుట్టు సహోదరికి ఇప్పుడు ఎంత బాకీ యున్నారు? ఈ మూడవ ప్రశ్నకు జవాబు కూడికలో పైకి చెప్పనక్కరలేదు, ఇంటికి పోవు దారిలో ఆమె గుమ్మము ముందు చెప్పవచ్చును. వచ్చు కూడికకు ప్రతివారును ఉతికిన పాత నూలు చీర ఒకటి, పొడుగు సూది ఒకటి, తెల్ల దారపు ఉండ ఒకటి తెచ్చుకొనవలెను. కత్తెరలు రెండు చాలును. బొంత పరచుటకు చాప కావలెను గనుక, దగ్గరనున్నవారు ఒక పెద్ద చాప తేగలరు.